పట్టికలకు తర్కం నేర్పిన ఎడ్గర్ కాడ్

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరలివెళ్లడం బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే మొదలైంది. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఆ రైల్వే కార్మికుల మధ్యనే. అటువంటి చోట హాజరు పుస్తకం తెరిస్తే అప్పలరాజులు, అప్పలస్వాములు, సింహాచలాలు ఒక్కరిద్దరుగా కనబడరు. ఒకే మనిషి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఒక తీరుగా, బెంగాలీ గుమాస్తా చేతిలో మరో తీరుగా ఉంటుంది. ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. ఇంటిపేరు ముందు రావాలో వెనుక రావాలో తేలదు. అందుకే వర్క్‌షాపులో ప్రతి కార్మికుడికీ ఒక టికెట్ నంబరు ఉంటుంది. జీతం, సెలవు, క్వార్టరు అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి.

అదే ఊరికి మరో కొసన, బ్రిటిష్ పాలనలో రాజకీయ ఖైదీలను నిర్బంధించిన హిజ్లీ శిబిరంలో 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. అక్కడి కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు డేటాబేస్ పాఠంలో చెప్పే తొలి విషయాల్లో ఒకటి ఈ టికెట్ నంబరు వంటిదే. ఒక పట్టికలో ఏ వరుస ఎవరిదో సందేహం లేకుండా తేల్చే విలువను ఆ పాఠంలో కీ అంటారు. పేరును కీగా వాడకూడదని రైల్వే గుమాస్తాలకు అనుభవం నేర్పింది. ఈ అనుభవాన్ని గణితంగా మార్చి, దాని మీద ఒక శాస్త్రాన్నే నిలబెట్టిన వ్యక్తి ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్.

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించారు. ఏడుగురు సంతానంలో ఆఖరివారు. తండ్రి తోలు వస్తువుల తయారీదారు, తల్లి పాఠశాల ఉపాధ్యాయిని. పూల్ పట్టణంలోని గ్రామర్ స్కూలులో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో గణితం, రసాయన శాస్త్రం అభ్యసించారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. చదువు కారణంగా సైనిక సేవ వాయిదా వేసుకునే వీలున్నా, ఆయన తనంతట తాను వైమానిక దళంలో చేరారు. తీర రక్షణ విభాగంలో సండర్‌లాండ్ అనే నీటి విమానాలు నడిపారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి పట్టా పూర్తి చేశారు.

1948లో ఆయన న్యూయార్క్ చేరారు. మొదట దొరికిన పని మేసీస్ అనే పెద్ద దుకాణంలో మగవారి క్రీడా దుస్తులు అమ్మడం. తర్వాత టెనెసీ విశ్వవిద్యాలయంలో కొన్ని నెలలు గణితం బోధించారు. 1949లో ఐబీఎం సంస్థలో ప్రోగ్రామరుగా చేరారు. ఆనాడు ఐబీఎం తన భారీ గణన యంత్రాన్ని మాడిసన్ అవెన్యూలోని భవనం కింది అంతస్తులో, దారిన పోయేవారికి కనబడేలా ఉంచింది. కాడ్ ప్రోగ్రాములు రాసింది ఆ యంత్రానికే.

నాలుగేళ్లలోనే ఆయన ఆ దేశం విడిచిపెట్టారు. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట పేరిట సాగిస్తున్న విచారణలు ఆయనకు సహించరానివిగా తోచాయి. 1953లో కెనడా రాజధాని ఒట్టావాకు వెళ్లి, అక్కడ క్షిపణి కార్యక్రమానికి సంబంధించిన గణనల మీద పనిచేశారు. 1957లో మళ్లీ ఐబీఎంకు తిరిగి వచ్చారు. ఒక యంత్రం మీద ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపించే పద్ధతిపై, స్ట్రెచ్ అనే కంప్యూటర్ కోసం చేసిన కృషి ఆ కాలానిది.

నలభై ఏళ్లకు చేరువవుతున్న వయసులో కాడ్ మళ్లీ విద్యార్థి అయ్యారు. ఐబీఎం ఇచ్చిన ఆర్థిక సాయంతో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1965లో డాక్టరేట్ పొందారు. తనను తాను తిరిగి సృష్టించుకోగల యంత్రాన్ని గళ్ల కాగితం వంటి నమూనా మీద నిర్మించవచ్చని జాన్ వాన్ న్యూమన్ అంతకు ముందే చూపారు. ఆయన నమూనాలో ఒక్కో గడికి 29 స్థితులు అవసరమయ్యాయి. కాడ్ దాన్ని 8 స్థితులతో సాధించారు. అక్కరలేని దాన్ని తీసివేసినా శక్తి తగ్గకుండా చూడటం అనే ఈ స్వభావమే ఆయన తర్వాతి పనిలోనూ కనిపిస్తుంది.

1960ల చివర ఆయన కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనశాలకు మారారు. ఆనాటికి సమాచార నిల్వ ఏ తీరున ఉండేదో తెలిస్తే తప్ప ఆయన చేసిన మార్పు విలువ అర్థం కాదు.

ఖరగ్‌పూర్ వంటి పెద్ద రైల్వే యార్డును ఊహించుకుందాం. ఫలానా వ్యాగన్ కావాలంటే, అది ఏ లైనులో ఉందో, ఏ వ్యాగన్ వెనుక ఎన్నోదిగా ఉందో చెబితేనే తీసుకురాగలిగే పద్ధతి ఒకటి ఉందనుకుందాం. లైన్లు సర్దగానే పాత సూచనలన్నీ తప్పవుతాయి. ఆనాటి డేటాబేస్‌లు అలాగే ఉండేవి. అపోలో చంద్రయాత్ర కోసం విడిభాగాల లెక్కలు చూడటానికి తయారైన ఐబీఎం వారి ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు ఆకారంలో ఉండేది. వేరు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రెమ్మకు దిగాలి. రాకెట్ భాగాలకు ఈ ఆకారం సహజమే, ఆ మాట ఒప్పుకోవాలి. చిక్కు ఎక్కడంటే, ఒకే రకం రివెట్ పది భాగాల్లో వాడితే అది పది కొమ్మల మీద కనబడాలి. ఆ రివెట్ ఏయే భాగాల్లో ఉందని తలకిందులుగా అడిగితే చెట్టంతా వెతకాలి. చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన మరో పద్ధతి వలలా అల్లుకుని ఉండేది. అందులో దారులు ఎక్కువే, కానీ దారి తెలిసిన ప్రోగ్రామరే అందులో తిరగగలడు. నిల్వ తీరు కాస్త మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరగరాయాల్సి వచ్చేది.

వ్యాగన్ నంబరు చెబితే చాలు, దారి వెతకడం యంత్రం పని కావాలి. కాడ్ ప్రతిపాదన సారం ఇదే. 1969 ఆగస్టులో ఐబీఎం అంతర్గత నివేదికగా, 1970 జూన్‌లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం పత్రికలో వ్యాసంగా అది వెలువడింది. పెద్ద ఎత్తున పంచుకునే సమాచార నిధులకు ఒక రిలేషనల్ నమూనా అనేది ఆ వ్యాసం విషయం.

రిలేషనల్ అన్న మాట దగ్గర మన విద్యార్థుల్లో చాలామంది పొరబడతారు. పట్టికల మధ్య సంబంధాలు ఉంటాయి గనుక ఆ పేరు వచ్చిందనుకుంటారు. నిజానికి పట్టికే సంబంధం. తెలుగు మాధ్యమంలో గణితం చదివినవారికి సమితులు, సంబంధాలు అనే పాఠం గుర్తుండే ఉంటుంది. టికెట్ నంబర్ల సమితి, పేర్ల సమితి, షాపుల సమితి తీసుకుని, వాటి నుంచి ఒక్కొక్క విలువ ఏరి కూర్చిన వరుసల సమితిని గణితంలో సంబంధం అంటారు. కాడ్ తీసుకున్నది ఆ మాటనే. సమితి కాబట్టి అందులో ఒకే వరుస రెండుసార్లు ఉండదు. వరుసలకు ముందు వెనుకల క్రమం ఉండదు. ప్రతి వరుసా లోకంలోని ఒక నిజాన్ని చెప్పే వాక్యం. ఫలానా టికెట్ నంబరు గల వ్యక్తి ఫలానా షాపులో పనిచేస్తున్నారు అన్నట్లు. సాహిత్యం చదివి వచ్చిన ఈ వ్యాసకర్తకు కాడ్ పనిలో అన్నింటికంటే ఆకర్షణీయంగా తోచింది ఇదే. ఆయన పట్టికను గళ్ల కాగితంగా చూడలేదు, వాక్యాల సమాహారంగా చూశారు. వాక్యాలైతే వాటి మీద తర్కం నడుస్తుంది. కొన్ని నిజాల నుంచి మరికొన్ని నిజాలు రాబట్టవచ్చు.

అలా రాబట్టడానికి ఆయన కొద్దిపాటి ప్రక్రియలు ఇచ్చారు. కావలసిన వరుసలు ఏరడం, కావలసిన నిలువు గడులు ఉంచడం, రెండు పట్టికలను ఉమ్మడి విలువ ఆధారంగా కలపడం వాటిలో ముఖ్యమైనవి. ఒక ప్రక్రియ ఫలితం కూడా పట్టికే కాబట్టి దాని మీద మరో ప్రక్రియ జరపవచ్చు. ఇది రిలేషనల్ ఆల్జీబ్రా. ఎలా తేవాలో చెప్పకుండా ఏం కావాలో మాత్రమే తర్కభాషలో చెప్పే పద్ధతి రిలేషనల్ కాలిక్యులస్. ఒకదానితో అడగగలిగింది రెండోదానితోనూ అడగవచ్చని 1972లో ఆయన నిరూపించారు. వాడేవారు కోరికను చెబితే, యంత్రం దాన్ని పనిగా మార్చుకోగలదన్న భరోసా ఈ నిరూపణలో ఉంది.

ఇక విద్యార్థులు భయపడే నార్మలైజేషన్ సంగతి. దీన్ని వర్క్‌షాపు పట్టిక మీదే చూద్దాం. రైల్వే పాసుకు అర్హులైన కుటుంబ సభ్యుల పేర్లన్నీ కార్మికుడి వరుసలో ఒకే గడిలో కుక్కామనుకోండి. ఎవరి పిల్లవాడికి వయోపరిమితి దాటిందో అడగడం కష్టమవుతుంది. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్నది మొదటి నార్మల్ ఫారం. ఓవర్‌టైం పట్టికలో టికెట్ నంబరు, తేదీ కలిసి కీ అవుతాయి. పనిచేసిన గంటలు ఆ రెంటి మీదా ఆధారపడతాయి. అదే పట్టికలో కార్మికుడి పేరు కూడా రాస్తే, అది టికెట్ నంబరు మీద మాత్రమే ఆధారపడుతుంది, తేదీతో దానికి పనిలేదు. ఇలా కీలో ఒక ముక్క మీద ఆధారపడే సమాచారాన్ని వేరు చేయాలన్నది రెండోది.

మూడోది మరింత సూక్ష్మమైనది. టికెట్ నంబరు, పేరు, షాపు, ఆ షాపు ఫోర్‌మన్ అని నాలుగు గడుల పట్టిక ఉందనుకుందాం. ఫోర్‌మన్ బదిలీ అయితే ఆ షాపులోని వందల వరుసలు దిద్దాలి. ఒక్కటి మరిచినా ఒకే షాపుకు ఇద్దరు ఫోర్‌మన్లు కనబడతారు. కొత్త షాపు పెట్టి ఫోర్‌మన్‌ను నియమించి, కార్మికులను ఇంకా తీసుకోకపోతే ఆ నియామకం రాయడానికి చోటే ఉండదు. ఒక షాపులో చివరి కార్మికుడు పదవీ విరమణ చేసి ఆ వరుస తుడిచేస్తే, దాంతో పాటే ఫోర్‌మన్ ఎవరన్న సమాచారమూ పోతుంది. ఈ మూడు కష్టాలకూ మూలం ఒకటే. ఫోర్‌మన్ అన్నది టికెట్ నంబరు గురించిన నిజం కాదు, షాపు గురించిన నిజం. రెండు రకాల నిజాలను ఒకే పట్టికలో కలిపాం. షాపు, ఫోర్‌మన్ కలిపి వేరే పట్టికగా విడదీస్తే మూడు చిక్కులూ ఒకేసారి విడిపోతాయి. కాడ్ 1970ల ఆరంభంలో రెండో, మూడో నార్మల్ ఫారాలను నిర్వచించారు. 1974లో రేమండ్ బాయిస్‌తో కలిసి మూడోదాన్ని ఇంకా బిగించారు. ప్రతి సమాచారం కీ గురించే, మొత్తం కీ గురించే, కీ తప్ప మరి దేని గురించీ కాకుండా ఉండాలన్న నియమాన్ని ఇంగ్లిషు విద్యార్థులు న్యాయస్థానపు ప్రమాణ వాక్యంలా వల్లిస్తారు. చివర గాడ్ అనవలసిన చోట కాడ్ అంటారు.

ఇంత స్పష్టమైన ఆలోచనను ఆయన పనిచేసిన సంస్థే ఆదరించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఐఎంఎస్ అప్పటికే ఐబీఎంకు పెద్ద ఆదాయం. దాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టిన ఖాతాదారులకు, మీ పద్ధతి పాతబడిందని సొంత ఉద్యోగే చెప్పడం సంస్థకు రుచించలేదు. కాడ్ వెనక్కి తగ్గలేదు. ఖాతాదారులతో నేరుగా మాట్లాడి తన నమూనా మేలు వివరించారు. 1973లో బాక్‌మన్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. అంటే వృత్తి లోకం వల పద్ధతి వైపు ఉన్న రోజులవి. మరుసటి ఏడాది మే నెలలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో కాడ్, బాక్‌మన్ పక్షాల మధ్య బహిరంగ వాదం జరిగింది. చూడ ముచ్చటగా ఉంది గానీ యంత్రం మీద నడిస్తే నత్తనడకే అన్నది ప్రత్యర్థుల ప్రధాన ఆక్షేపణ. అది తోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. దారి వెతికే పని యంత్రానికి అప్పగిస్తే, మనిషి అంత తెలివిగా అది వెతకగలదా అన్నది నిజమైన ప్రశ్న.

జవాబు వాదంతో రాలేదు, నిర్మాణంతో వచ్చింది. శాన్ హోసేలో ఐబీఎం సిస్టమ్ ఆర్ పేరిట ప్రయోగాత్మక నిర్మాణం చేపట్టింది. డొనాల్డ్ చాంబర్లిన్, బాయిస్ కలిసి సీక్వెల్ అనే ప్రశ్నల భాషను రూపొందించారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. బాయిస్ 1974లోనే, ఇంకా యువకుడిగా ఉండగానే మరణించారు. అదే బృందంలోని పాట్రీషియా సెలింజర్ 1979లో, ఉన్న దారుల్లో ఏది చవకో యంత్రమే లెక్కగట్టి ఎంచుకునే విధానాన్ని ప్రచురించారు. నత్తనడక ఆక్షేపణకు అది గట్టి సమాధానం. అటు బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఇంగ్రెస్‌ను నిర్మించారు. ఐబీఎం పరిశోధకులు ప్రచురించిన పత్రాలు చదివిన లారీ ఎలిసన్ 1977లో ఒక చిన్న సంస్థ స్థాపించి, 1979లో ఒరాకిల్‌ను విపణిలోకి తెచ్చారు. ఐబీఎం తన తొలి రిలేషనల్ ఉత్పత్తిని 1981లో, డీబీ2ను 1983లో విడుదల చేసింది. ఆలోచన పుట్టిన ఇంట్లో కంటే పొరుగింట్లో ముందుగా పంట పండింది. ఆ పంటలో కాడ్‌కు దక్కినది సంపద కాదు, పేరు. 1976లో ఐబీఎం ఆయనను ఫెలోగా గుర్తించింది. 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

అయినా ఆయన తృప్తి చెందలేదు. లోకమంతా నేర్చుకుంటున్న ఎస్‌క్యూఎల్ తన నమూనాకు నమ్మకమైన రూపం కాదని ఆయన భావించారు. సమితిలో ఒకే వరుస రెండుసార్లు ఉండకూడదన్న మూల సూత్రాన్నే ఆ భాష సడలించింది. ఆల్ఫా పేరిట ఆయన స్వయంగా ప్రతిపాదించిన భాష ఉత్పత్తిగా రాలేదు. దాని ఛాయలు ఇంగ్రెస్ వారి భాషలో మాత్రం కనిపించాయి. 1980ల మధ్యకు వచ్చేసరికి ప్రతి అమ్మకందారూ తన సరుకుకు రిలేషనల్ అని ముద్ర వేయసాగారు. 1984లో ఐబీఎం వదిలిన కాడ్, 1985లో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో, ఆ పేరుకు అర్హత ఏమిటో తేల్చే నియమాలు ప్రకటించారు. వాటిని 12 నియమాలని పిలుస్తారు, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది గనుక నిజానికి 13. ఆనాటి ఉత్పత్తుల్లో ఏదీ అన్నింటిలో నెగ్గలేదు.

చివరి దశాబ్దంలో ఆయన పేరుకు కొంత మచ్చ కూడా అంటింది. 1993లో వ్యాపార విశ్లేషణకు ఉపయోగపడే ఓలాప్ పద్ధతికి లక్షణాలు చెబుతూ ఆయన సహచరులతో కలిసి ఒక పత్రం వెలువరించారు. ఆ పనికి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ సొమ్ము చెల్లించిందని, ఆ లక్షణాలు ఆ సంస్థ ఉత్పత్తికి అనుకూలంగా ఉన్నాయని విమర్శలు వచ్చాయి. దాని ఆధారంగా వేసిన వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకుంది. సరుకుల మీద తీర్పరిగా నిలిచిన మనిషికి ఇది తగని పని అనే చెప్పాలి.

ఖరగ్‌పూర్ ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ విభాగం 1980లో, అంటే ఒరాకిల్ వెలువడిన మరుసటి ఏడాది మొదలైంది. ఇప్పుడు ఆ సంస్థ అధ్యాపకుల డేటాబేస్ పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా క్యాంపస్ బయట ఉన్నవారికీ అందుతున్నాయి. రైల్వే క్వార్టరులో కూర్చున్న తెలుగు విద్యార్థీ, నరసరావుపేటలోని ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థీ అదే పాఠం వినవచ్చు. గేట్ పరీక్ష పాఠ్యప్రణాళికలో రిలేషనల్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, ఎస్‌క్యూఎల్, నార్మల్ ఫారాలు ఉన్నాయి. ఇవన్నీ కాడ్ గదిలోవి, లేదా ఆ గది నుంచి పుట్టినవి. వాటికి ముందు వచ్చే ఈఆర్ చిత్రాలు పీటర్ చెన్ 1976లో ఇచ్చినవి. లావాదేవీల పాఠంలో ఎక్కువ భాగం సిస్టమ్ ఆర్ బృందంలోనే పనిచేసిన జిమ్ గ్రే కృషి.

మన కళాశాలల్లో జరిగేది ఏమిటంటే, ఎస్‌క్యూఎల్ ఆదేశాలు నాలుగు కంఠస్థం చేసి, ఏది దేని మీద ఆధారపడుతుందన్న ఆలోచనను పరీక్ష ముందు రోజుకు వదిలేయడం. ఆదేశాలు ఉద్యోగంలో వారం రోజుల్లో వస్తాయి. ఫోర్‌మన్ అన్నది ఎవరి గురించిన నిజమో గుర్తించడం రాకపోతే, ఏళ్ల తరబడి దిద్దుకోవలసిన పట్టికలు తయారవుతాయి. పింఛను జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు రావడం, చిరునామా ఒకచోట మారి మరోచోట మారకపోవడం వంటివి అలాంటి పట్టికల ఫలమే. దాని భారం మోసేది కార్యాలయం ముందు వరుసలో నిలబడిన వృద్ధులు. పట్టికలు అక్కరలేని కొత్త రకం డేటాబేస్‌లు ఈ రెండు దశాబ్దాల్లో చాలా వచ్చాయి. విస్తారమైన సమాచారానికి అవి అవసరమే. జీతాలు, ఖాతాలు, మార్కుల వంటి ఖచ్చితమైన లెక్కలకు మాత్రం రిలేషనల్ పద్ధతి నేటికీ బలంగా నిలిచి ఉంది.

1990లో కాడ్ తన నమూనా రెండో రూపాన్ని పుస్తకంగా ప్రచురించారు. అందులో 333 లక్షణాలు పేర్కొన్నారు. మొదటి వ్యాసంలోని క్లుప్తత దీనిలో లేదు. లోకం కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

2003 ఏప్రిల్ 18న, ఫ్లోరిడా రాష్ట్రంలోని విలియమ్స్ ఐలాండ్‌లో స్వగృహంలో, గుండె వైఫల్యంతో ఆయన కన్నుమూశారు. వయసు 79. మరుసటి ఏడాది డేటాబేస్ పరిశోధకుల సంఘం తన వార్షిక ఆవిష్కరణ పురస్కారానికి ఆయన పేరు పెట్టింది. ఆ పేరుతో 2004లో దాన్ని అందుకున్నవారు రొనాల్డ్ ఫేగిన్. కాడ్ ఆపిన చోటు నుంచి ముందుకు వెళ్లి, 1977లో నాలుగో నార్మల్ ఫారంను నిర్వచించిన ఐబీఎం పరిశోధకుడు ఆయనే.